రెండో పుటలో ఒక కొట్టివేత

పోయిన ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ ఒక మొగుడూ పెళ్ళాం నిజంగా మొగుడూ పెళ్ళామేనని రుజువు చెయ్యడంలో మునిగిపోయాం. ఆ మొగుడు మా ఆయన కాదు, ఆ పెళ్ళాం నేను కాదు. మా సంగతి ఎవరూ అడగలేదు. అడక్కపోవడమే మంచిదైంది.

నీహారిక మా ఆయన చెల్లెలు. నేను తిరువూరులో ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఐదో తరగతి చదువుతోంది. రోజూ బడికి దానికి రెండు జడలు వేసి పంపింది నేనే. ముప్ఫై దాటాక, మా అత్తగారు రావమ్మగారికి మొక్కుకోవడానికి ఇక దేవుళ్ళు మిగలని దశలో, విస్సన్నపేట సంబంధం కుదిరింది. అబ్బాయి హర్షవర్ధన్ కెనడాలో స్థిరపడ్డవాడు. మే నెలలో పెళ్ళి చేసుకుని, మూడు వారాలు మా ఇంట్లోనే ఉండి వెళ్ళాడు. డిసెంబరులో దీనికి విజిటింగ్ వీసా వచ్చింది. "ఆర్నెల్లు చూసొచ్చేస్తాను వదినా, నా చీరలు బీరువాలోనే ఉండనీ" అని బయల్దేరింది.

ఏప్రిల్లో ఒకరోజు పొద్దున ఏడున్నరకి వీడియో ఫోను చేసింది. అక్కడ రాత్రి పది.

"వదినా, నేను రావట్లేదు. ఇక్కడుండే అప్లై చేసుకోవచ్చంట. హర్ష స్పాన్సర్ చేస్తాడు. పర్మనెంటు రెసిడెన్సీకి."

స్పీకరు ఆన్‌లో ఉంది. అత్తయ్య చిక్కుడుకాయల పీచు తీస్తున్నది ఆగిపోయింది.

"అదేంటే! చుట్టపుచూపుగా వెళ్ళినదానివి అక్కడే ఉండిపోతానంటే వాళ్ళేమనుకుంటారు?"

"వాళ్ళంటే ఎవరమ్మా?"

"కెనడావాళ్ళు."

"ఏమీ అనుకోరులే. కాకపోతే మా పెళ్ళి నిజమైందేనని రుజువులు చూపించాలి."

"ఎనిమిదొందల మంది భోంచేశారు. ఇంకేం రుజువు కావాలంట?"

"తిన్నవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకోలేదుగా అత్తయ్యా," అన్నాను నేను.

నీహారిక జాబితా చదివింది. ఇద్దరూ కలిసి దిగిన ఫొటోలు. ఒకరికొకరు చేసుకున్న ఫోన్ల వివరాలు, మెసేజీలు. ఇద్దరి పేర్లతో ఉన్న ఇంటి బిల్లులు. ఆఖర్న, ఇద్దర్నీ దగ్గరుండి చూసిన బంధువుల ఉత్తరాలు.

"మెసేజీలే పదకొండొందల పేజీలొచ్చాయి వదినా. అన్నీ పంపితే వాళ్ళు చదవలేరని ఏరుతున్నాం."

దాని వెనకాల వంటగదిలో హర్షవర్ధన్ ఉల్లిపాయలు తరుగుతూ కనిపిస్తున్నాడు. కళ్ళజోడు పైకి తోసుకుని మోచేత్తో కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను చూడటం చూసి, "నీహారికని తరగనివ్వను అక్కయ్యా, కళ్ళు మండుతాయి," అన్నాడు.

ఫోను పెట్టేశాక ఉల్లిపాయలబుట్ట వంక కాసేపు చూశాను. అది మా ఇంట్లో ఎక్కడుంటుందో మా ఆయనకు చెప్పి చూద్దామా అనుకున్నాను. మళ్ళీ అంత కొత్త సంగతి ఒక్కసారిగా చెబితే తట్టుకోలేరని ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నం అత్తయ్య కునుకు తీస్తుంటే నా ఫోను తీసి, మా ఇద్దరి మెసేజీలు మొదట్నుంచీ చదివాను. మొత్తం చదవడానికి పావుగంట పట్టింది. "పెరుగు" అని నేను. "సరే" అని ఆయన. "కరెంటొచ్చిందా" అని ఆయన. "వచ్చింది" అని నేను. "గ్యాసు బండి వచ్చింది, అయిపోయిన సిలిండరు ఎక్కడ పెట్టారు" అని నేను. దానికి జవాబుగా ఒక బొటనవేలు. ఏదైనా దేశం వాళ్ళు వచ్చి మా కాపురానికి రుజువు అడిగితే మాత్రం మా ఇద్దర్నీ చెరో బస్సు ఎక్కించేస్తారు.

ఫొటోలూ వెతికాను. పెళ్ళి ఆల్బమ్ తర్వాత ఇద్దరం పక్కపక్కన ఉన్నది రేషను కార్డు మీదే. తిరుపతిలో దిగిన దాంట్లో మధ్యలో అత్తయ్య ఉంది. ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న మా అమ్మాయి మొదటి పుట్టినరోజు ఫొటోలో మా మధ్య కేకు పెట్టిన స్టూలు ఉంది.

మా ఆయన వెంకటప్పయ్యగారు డాక్యుమెంట్ రైటరు. రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుంటారు. గంపలగూడెం వైపు పత్తి చేలు, ఇటు మామిడి తోటలు ఎన్ని చేతులు మారాయో ఆయన చేతిరాతకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇప్పుడంతా కంప్యూటరు టైపింగే అయినా, ముందు చేత్తో రాయందే ఆయనకు తృప్తి ఉండదు. ఆయన వృత్తిలో ఒక నియమం ఉంది. రాసిన మాట కొట్టేస్తే, ఫలానా పుట, ఫలానా పంక్తిలో కొట్టివేత ఉందని కింద రాసి సంతకం పెట్టాలి. ఆయన దాన్ని ఇంటిదాకా తెచ్చారు. ఒకసారి పచారీ చీటీలో శనగపప్పు కొట్టేసి పెసరపప్పు అని రాసి, పక్కన సంతకం చేసి పంపారు. కొట్టు ఇమ్మాన్యుయేల్ ఇప్పటికీ నేను వెళ్ళినప్పుడల్లా "అమ్మా, ఇవాళ సంతకాలేమన్నా ఉన్నాయా?" అని అడుగుతాడు.

చెల్లెలి కోసం ఉత్తరం రాయాలనగానే ఆయన మూడు సాయంత్రాలు కూర్చున్నారు. మూడు! మా పెళ్ళి కుదిరాక నాకు రాసిన ఒకే ఒక్క ఉత్తరం పోస్టుకార్డు. అందులో ముహూర్తం టైము, విజయవాడ నుంచి బస్సులు దొరికే వేళలు ఉన్నాయి.

"ఇదిగో వినీలా, నేను తెలుగులో రాశాను. నువ్వు ఇంగ్లీషు చెయ్యి. నీదొకటి నువ్వు రాయి. బి.ఏ. చదివావుగా," అని ఫుల్‌స్కేపు కాగితాలు చేతిలో పెట్టారు.

నా బి.ఏ. ఇంగ్లీషు లిటరేచరుని ఈ ఇంట్లో అప్పటిదాకా మందుసీసాల మీద అక్షరాలు చదవడానికీ, ఫ్రిజ్జు వారంటీ కార్డు నింపడానికీ వాడారు. పదోన్నతి వచ్చిందన్నమాట.

కాగితాలు చదివాను. సదరు నీహారిక, సదరు హర్షవర్ధన్ తమ పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా వివాహమాడినారట. సదరు వివాహముపై ఎట్టి తాకట్టు, జప్తు, కోర్టు తగాదాలు లేవట. పెళ్ళి జరిగిన కల్యాణ మండపానికి నాలుగు హద్దులూ రాశారు. పడమటి హద్దు పత్తి గోడౌను. సదరు దంపతులు తమ దాంపత్యమును పుత్రపౌత్ర పారంపర్యముగా, నిరాటంకముగా అనుభవించగలరని ముగించారు.

"ఎలా ఉంది?" అన్నారు.

"రేపే రిజిస్ట్రేషన్ చేయించొచ్చు," అన్నాను. మెచ్చుకోలు అనుకుని తలూపారు.

నేను ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషు చేశాను. తాకట్లకీ జప్తులకీ నిఘంటువు చూసి మరీ సరైన మాటలు పెట్టాను. బాగు చేసి రాయగలను. రాయలేదు. ఎందుకంటే చెప్పను, మీరే ఊహించుకోండి. నా ఉత్తరం ఎనిమిది వాక్యాలు. ఫలానా తేదీన పెళ్ళి అయింది, నేను చూశాను, వాళ్ళు రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు, ఇట్లు. ఒక్క అబద్ధం లేదు. ఫొటోలు కూడా నేనే ఏరాను. తలంబ్రాలప్పుడు నీహారిక కళ్ళు మూసుకున్నది ఒకటి, అప్పగింతల్లో ముక్కు చీదుకుంటున్నది ఒకటి. అవీ నిజమైన ఫొటోలే.

అన్నీ పంపేశాక ఒక పది రోజులు హాయిగా నిద్రపట్టింది.

మే నెల మధ్యలో, మామిడికాయ లారీలు మా వీధి మీదుగా వరసగా పోతున్న రోజుల్లో మళ్ళీ ఫోను. ఈసారి నీహారిక ఒక్కతే ఉంది. హర్షవర్ధన్‌ది మందపాటి స్వెట్టరు వేసుకుంది. చేతులు వేళ్ళ మీదుగా కిందికి జారుతున్నాయి.

"వదినా, ఇక్కడ మా ఫైలు తయారుచేస్తున్న కన్సల్టెంటు ఉత్తరాలు వెనక్కిచ్చేశాడు. అన్నయ్యది చదివి, ఇది స్థలం అమ్మకమా అన్నాడు."

"మీ అన్నయ్యకి వచ్చిన భాష అదే కదే."

"మరి నీకు ఇంగ్లీషొచ్చుగా." స్వెట్టరు చేతులు పైకి లాక్కుంది. "నీ ఉత్తరం కరెంటు బిల్లులాగుందన్నాడు. నువ్వు నాకు జడలేసినదానివి, ఇంట్లో అందరికంటే మమ్మల్ని దగ్గరగా చూసినదానివి, నీ ఉత్తరమే అలా ఉంటే ఆఫీసరు అనుమానపడతాడంట."

నేను ఫోను రెండో చేతిలోకి మార్చుకున్నాను.

"జూన్ పన్నెండుకి నా ఆర్నెల్లు అయిపోతాయి. ఆలోపు ఫైలు వేసెయ్యాలి. లేకపోతే నువ్వు వెళ్ళిపోయి అక్కణ్ణుంచి వేసుకో అంటున్నాడు. అంటే ఇంకో ఏడాదో, రెండేళ్ళో, మళ్ళీ ఫోన్లోనే."

నీహారిక వెనక్కి వచ్చేస్తుందన్న మాట వినగానే నాలో ఎవరో కూలరు స్విచ్చి వేసినట్టయింది. దాని చీరలు బీరువాలోనే ఉన్నాయి. దాని గది అలాగే ఉంది. వస్తే మధ్యాహ్నం పూట మాట్లాడుకోవడానికి మనిషి ఉంటుంది. ఉల్లిపాయలు ఇద్దరం కలిసే తరుక్కోవచ్చు. నా కళ్ళతోపాటు దాని కళ్ళూ మండుతాయి.

"వదినా, నా మీద కోపమా?"

"కోపమెందుకే?"

"చిన్నప్పుడు నీకు కోపమొస్తే నోటితో ఏమీ అనేదానివి కాదు. జడ గట్టిగా లాగి అల్లేదానివి. నీ ఉత్తరం చదువుతుంటే అలాగే అనిపించింది."

"ఎండకి బుర్ర పనిచెయ్యలేదు. మళ్ళీ రాస్తాలే," అన్నాను.

రాయలేదు. ఒకరోజు తలనొప్పి అన్నాను. ఇంకోరోజు అత్తయ్య "రాశావా అమ్మాయ్?" అంటే "కరెంటు లేదత్తయ్యా," అన్నాను.

"కాగితం మీద రాయడానికి కరెంటెందుకే?"

"ఫ్యాను లేందే నాకు ఇంగ్లీషు రాదు."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, చేతిలో విసనకర్ర నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయింది.

ఆ విసనకర్ర చూస్తే నేను మరిచిపోదామనుకుంటున్నదే గుర్తొచ్చింది. అది జరుగుతుంటే చూసింది నేనొక్కదాన్నే. రుజువు కావాలంటే అంతకు మించింది ఇంకొకటి లేదు. అందుకే ఎనిమిది వాక్యాల్లో దానికి చోటివ్వలేదు.

మే నెలాఖరుకి వచ్చాం. జూన్ పన్నెండుకి ఇక రెండు వారాలు కూడా లేవు. మా ఆయన ఉత్తరమైనా ముందు సరిచేద్దామని, అంటే నాది ఇంకో రెండ్రోజులు వాయిదా వేద్దామని, ఆయన రాసిన కాగితాలు పైకి తీశాను. పొద్దున పది గంటలవేళ. ఆయన షెడ్డుకి వెళ్ళిపోయారు. అత్తయ్య పక్కింటి జోజమ్మగారితో గోడ దగ్గర మాట్లాడుతోంది.

ఆఖర్న, సంతకం పైన, ఒక వాక్యం ఉంది. మొదటిసారి నేను పట్టించుకోలేదు. "రెండవ పుట, ఏడు, ఎనిమిది పంక్తులలో ఒక కొట్టివేత కలదు." దాని పక్కన మరో సంతకం.

రెండో పుట తీశాను. ఆరో పంక్తిలో ఇలా ఉంది: "సదరు నీహారిక, భర్త ఫోను మ్రోగుటకు ముందే దానిని చేతిలోనికి తీసుకొనుట నేను కళ్ళారా చూచినాను." ఆ కింద రెండు పంక్తుల మీదుగా స్కేలు పెట్టి గీసిన గీతలు. ఇంగ్లీషు చేసేటప్పుడు కొట్టేసినవి నాకెందుకని వదిలేశాను. ఇప్పుడు కాగితాన్ని కిటికీకి అడ్డంగా, వెలుగుకి పట్టుకున్నాను.

"నా భార్య వినీల కూడా నా స్కూటరు మలుపు తిరుగుటకు ముందే గేటు గొళ్ళెము తీసి ఉంచును. ఇరువది సంవత్సరములలో నేను గేటు వద్ద ఒక్క దినమైనను ఆగి యుండలేదు."

రెండుసార్లు చదివాను. మూడోసారి చదివేటప్పుడు అత్తయ్య లోపలికొచ్చి, "ఏంటా కాగితం, ఎక్స్‌రే చూసినట్టు చూస్తున్నావు?" అంది.

"ఏం లేదత్తయ్యా. విరిగిందేమోనని."

నిజానికి నేను గొళ్ళెం తీసేది ఆయన హారన్ కొడితే అత్తయ్యకి కునుకు చెడుతుందని. ఇరవై ఏళ్ళుగా నేను నాకు చెప్పుకున్నది అదే. సాయంత్రం ఆయనొచ్చే ఆరింటికల్లా అత్తయ్య లేచి టీ కూడా తాగేసి ఉంటుందన్నది వేరే సంగతి.

కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని, నా ఉత్తరం రాశాను. ఒక్క గంట పట్టింది. ఇంగ్లీషులో రాసినదాని సారం ఇది.

"పెళ్ళయిన రెండో వారం. మా ఊళ్ళో మే నెలలో మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలియదు, తెలియకపోవడం మీ అదృష్టం. ఇంట్లో అందరూ హాల్లో నేలమీద పడుకుని నిద్రపోతున్నారు. నేను మజ్జిగ గ్లాసుతో వంటింట్లోంచి వస్తున్నాను. నా ఆడపడుచు నీహారిక చాప మీద నిద్రపోతోంది. పక్కన ఆమె భర్త కూర్చుని, మిగిలిపోయిన శుభలేఖతో ఆమెకు విసురుతున్నాడు. తన చొక్కా పూర్తిగా తడిసిపోయి ఉంది. నన్ను చూసి సిగ్గుపడి, శుభలేఖ తన వైపు తిప్పుకుని విసురుకోవడం మొదలుపెట్టాడు. నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయి తలుపు సందులోంచి చూశాను. మళ్ళీ ఆమెకే విసురుతున్నాడు. కరెంటు వచ్చేదాకా విసిరాడు. నేనూ అప్పటిదాకా అక్కడే నిలబడ్డాను. అతను విసురుతున్నట్టు ఆమెకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. నేను చెప్పలేదు.

"చెప్పకపోవడానికి కారణం, నాకు అసూయ కలిగింది. నా మొదటి ఉత్తరం అలా ఉండటానికీ కారణం అదే. ఆ అసూయనే మీకు సాక్ష్యంగా సమర్పిస్తున్నాను. దొంగ కాపురాన్ని చూసి ఎవరూ ఏడాది పాటు కుళ్ళుకోరు."

కింద సంతకం పెట్టి, తేదీ వేశాను. మా ఆయన ఉత్తరంలోంచి జప్తులూ తాకట్లూ తీసేసి, చెల్లెలు ఫోను కోసం ఎదురుచూసిన సంగతి ఉంచాను. పత్తి గోడౌను మాత్రం ఉండనిచ్చాను, ఆయన కోసం. ఆయన రెండూ చదివి, తనదాని మీద సంతకం చేశారు. నా ఉత్తరం దగ్గర మాత్రం కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివారు.

"మజ్జిగ ఏమైంది?" అన్నారు.

"ఏ మజ్జిగ?"

"అదే, గ్లాసులోది. ఎవరు తాగారో రాయలేదు."

"నేనే తాగాను. కడుపు మండుతుంటే."

ఊఁ అన్నారు. మంచి ఫొటోలు నాలుగు ఏరి, కళ్ళు తెరుచుకుని ఉన్నవి, ఉత్తరాలతోపాటు ఆ సాయంత్రమే పంపాను.

మర్నాడు పొద్దున నీహారిక ఫోను చేసింది. వెనకాల ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడు.

"వదినా."

"ఊఁ."

"విసిరింది నిజమేనా? అడిగితే ఈయన నాకు గుర్తులేదంటున్నాడు."

"సంతకం పెట్టానుగా."

"మరి నువ్వు కుళ్ళుకున్నది?"

"దానికీ అదే సంతకం."

అది ఒక్కసారి నవ్వి, ముక్కు చీదింది. అచ్చం అప్పగింతల ఫొటోలోలాగే. స్వెట్టరు చేత్తో తుడుచుకుంటే, "అది నీది కాదే, ఆ అబ్బాయిది," అన్నాను.

జూన్ ఏడున ఫైలు వేశారు. పన్నెండు దాటింది, నీహారిక రాలేదు. మొదటి వాన పడ్డ రోజున ఫైలు అందినట్టు నంబరు వచ్చిందని మెసేజీ పెట్టింది. అది అయ్యేసరికి ఇంకా చాలా కాలం పడుతుందట. అత్తయ్య వీధిలో కనిపించినవాళ్ళందరికీ "మా పిల్లకి నంబరొచ్చింది" అని చెప్పింది. దేని నంబరో ఆవిడా చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. నేను బీరువా తెరిచి దాని చీరల మధ్య కొత్త కలరా ఉండలు వేశాను. నాకు సంతోషంగా ఉందా అంటే, ఉంది. కుళ్ళు పోయిందా అంటే, పోలేదు. మొన్న వీడియోలో ఆ అబ్బాయి దానికి కాలిగోళ్ళ రంగు వేస్తున్నాడు.

వాన పడ్డ ఆ రోజు సాయంత్రం టీ ఇస్తూ మా ఆయన్ని అడిగాను.

"రెండో పుట ఏడో పంక్తిలో ఏం కొట్టేశారు?"

ఆయన టీ ఊదుకున్నారు. "అనవసరమైంది. ఆ కాగితానికి సంబంధం లేనిది."

"అనవసరమైతే కొట్టేసి ఊరుకోవచ్చుగా. కింద రాసి సంతకం పెట్టడమెందుకు?"

"అదెలా? కొట్టేసినా అది అక్కడ రాసి ఉందని ఒప్పుకోవాలి కదా. రూలు."

టీ తాగి, కప్పు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టారు. ఇరవై ఏళ్ళలో మొదటిసారో, నేను చూడటం మొదటిసారో తెలియదు.

పదకొండొందల పేజీలు దానికి. రెండు పంక్తులు నాకు, అవీ కొట్టేసినవి. అయినా ఆ కాగితం ఇప్పుడు నా బి.ఏ. సర్టిఫికెట్టు ఉన్న కవర్లో ఉంది.

మర్నాడు సాయంత్రం కావాలనే గేటు గొళ్ళెం తియ్యలేదు. స్కూటరు మలుపు తిరిగిన చప్పుడు వినిపించింది. గేటు దగ్గర ఆగింది. హారన్ కొడతారనుకున్నాను, కొట్టలేదు. స్టాండు వేసిన చప్పుడు, గొళ్ళెం కోసం లోపలికి చెయ్యి పెట్టి తడుముకుంటున్న చప్పుడు. గొళ్ళెం ఏ పక్కనుంటుందో కూడా ఆయనకు తెలియదు పాపం. ఎలాగో తీసుకుని, స్కూటరు అక్కడే వదిలేసి, చెప్పులతోనే లోపలికొచ్చేశారు.

"వినీలా! ఒంట్లో బాగుందా?"

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆయన నుదుటి మీద చెమట చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"బాగానే ఉంది," అన్నాను. "ఉల్లిపాయలు తరుగుతున్నాను."